మంచుదారి ఎవరిది? - అమెరికాలో శీతకాలపు రహదారి భద్రత: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

శీతకాలంలో దారుల మీద పేరుకునే మంచును ఏం చేయాలన్న ప్రశ్నకు అమెరికా సమాజం గత రెండు శతాబ్దాల్లో ఒకే సమాధానం ఇవ్వలేదు. ఒక కాలంలో మంచును దారి మీదే అణచి ఉంచారు; మరొక కాలంలో పక్కకు తోశారు; ఇంకొక కాలంలో ఉప్పుతో కరిగించారు. ఈ మార్పులకు యంత్రాల ప్రగతి కొంతవరకే కారణం. దారి ప్రధానంగా ఎవరి కోసమని ఆ కాలంవారు భావించారో దాన్నిబట్టే భద్రతకు నిర్వచనం మారిందని, ప్రతి పద్ధతిలోనూ ఒకరి భద్రతకైన ఖర్చు మరొకరి మీద పడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అమెరికాలో నివసించే తెలుగువారికి ఈ చరిత్రతో ఉన్న సంబంధాన్ని, ‘మంచు’ అనే తెలుగు మాటకున్న అర్థవిస్తృతి వల్ల కలిగే చిక్కును కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: మంచు, రహదారి భద్రత, ఉప్పు, కాలిబాట, పురపాలన, అమెరికా చరిత్ర, ప్రవాసాంధ్రులు.

1. ఉపోద్ఘాతం

తెలుగునేల మీద దారుల భద్రతను పరీక్షించే ఋతువు వర్షాకాలం. వరదలు, తుపానులు, తెగిన గండ్లు, కొట్టుకుపోయిన కల్వర్టులు మన అనుభవంలోనివి. లంబసింగి, అరకు ప్రాంతాల్లో చలికాలపు పొగమంచు చూపును అడ్డుకుంటుంది గాని, దారి పొడవునా గట్టిపడి మనిషిని పడదోయదు. అందువల్ల గడ్డకట్టిన నీరు ఒక ప్రజాసమస్య కాగలదన్న స్పృహ మన పరిపాలన పరిభాషలో పెద్దగా కనిపించదు. కాని ఇవాళ లక్షలాది తెలుగువారు అమెరికాలో నివసిస్తున్నారు. న్యూజెర్సీ, షికాగో, డెట్రాయిట్ పరిసరాల్లో ఉన్నవారికి డిసెంబరు నుంచి మార్చి వరకు మంచుదారి నిత్యజీవితంలో భాగం.

అమెరికా సమాఖ్య రహదారుల శాఖ లెక్కల ప్రకారం మంచు, గడ్డ, బురదమంచు ఉన్న రోడ్ల మీద జరిగే ప్రమాదాల్లో ఏటా సగటున 1,300 మందికి పైగా మరణిస్తున్నారు. లక్షమందికి పైగా గాయపడుతున్నారు. ఇవి వాహన ప్రమాదాల లెక్కలు. కాలిబాట మీద జారిపడి తుంటి ఎముకో మణికట్టో విరిగినవారు వీటిలో చేరరు. ఎవరి గాయం లెక్కకు వస్తుంది, ఎవరి గాయం రాదు అన్న ఈ తేడా వెనుక పెద్ద చరిత్ర ఉంది. ఆ చరిత్రను ప్రధానంగా అమెరికా ఈశాన్య రాష్ట్రాల ఆధారంగా, అవసరమైనచోట ఇతర ప్రాంతాలతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం పరిధి.

2. మంచును తొలగించని కాలం

మంచు పడితే తొలగించాలన్నది స్వతస్సిద్ధమైన ఆలోచనగా ఇప్పుడు తోస్తుంది. 19వ శతాబ్దపు న్యూ ఇంగ్లండు గ్రామాల్లో పరిస్థితి ఇందుకు భిన్నం. అక్కడి రైతుకు, కలప వ్యాపారికి మంచు ఒక సౌకర్యం. మిగిలిన కాలంలో గుంతలు, బురదతో నిండి ఉండే మట్టిదారి శీతకాలంలో మంచు కప్పుకొని నున్నగా తయారయ్యేది. చక్రాలబండిని పక్కన పెట్టి, అడుగున పొడవైన పట్టాలుండే స్లెడ్జిబండికి గుర్రాన్ని కట్టేవారు. చక్రాల మీద లాగలేని దుంగలను, బరువులను స్లెడ్జి మీద సులభంగా తరలించేవారు.

అందుచేత నాటి దారి సంరక్షణ అంటే మంచును చెదరకుండా కాపాడడమే. వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ ప్రాంతాల్లో గుర్రాలు లాగే పెద్ద చెక్క రోలర్లతో మంచును తొక్కించి గట్టిపరిచేవారు. మన ఊళ్లలో కంకర మీద రోలరు నడిపించినట్లే అక్కడ మంచు మీద నడిపించేవారన్నమాట. ఇంకొక విశేషం, పైకప్పున్న చెక్క వంతెనలది. కప్పు కారణంగా వాటి లోపల మంచు పడదు. మంచు లేనిచోట స్లెడ్జి కదలదు. అందుకని కూలీలను నియమించి, బయటి మంచును పారలతో తెచ్చి వంతెన లోపల పరిపించేవారు.

వంతెన మీద మంచు ఇప్పుడు డ్రైవరును భయపెట్టే దృశ్యం. ఆనాడు వంతెన మీద మంచు లేకపోవడమే ఫిర్యాదు చేయదగిన లోపం. దారి స్లెడ్జిది కాబట్టి భద్రత, సౌకర్యం అనే మాటలకు అర్థం కూడా స్లెడ్జిని బట్టే ఏర్పడింది.

3. నగరవీథి - ట్రాము, ఉప్పు, తొలి వివాదాలు

నగరాలు పెరిగి, గుర్రాలు లాగే ట్రాముబండ్లు వచ్చాక పరిస్థితి మారింది. ట్రాముకు పట్టాలు కనిపించాలి. గుర్రాలు లాగే మంచునాగలిని 1862లో మిల్వాకీ నగరంలో వాడారు. త్వరలోనే ఇతర నగరాలూ ఆ పద్ధతిని అనుసరించాయి. పొలంలో నాగలి మట్టిని పక్కకు తిరగేసినట్లు, ఇది మంచును వీథికి ఇరుపక్కలకూ తోసేది.

ఇక్కడే కొత్త తగవు మొదలైంది. నడివీథి నుంచి తోసిన మంచు కాలిబాట మీద, దుకాణాల గుమ్మాల ముందు గుట్టలుగా పేరుకునేది. పాదచారులకు నడవడానికి చోటు ఉండేది కాదు; కొనుగోలుదారులు రాక వ్యాపారులు నష్టపోయేవారు. పట్టాలు తేలిన నడివీథిలో స్లెడ్జిలు కదలలేకపోయేవి. ట్రాము కంపెనీలకు దారి తెరుచుకున్నకొద్దీ మిగిలినవారికి మూసుకుపోయింది.

నాగలితో వదలని గడ్డను కరిగించడానికి కంపెనీలు పట్టాల మీద ఉప్పు చల్లాయి. దీనికి తీవ్రమైన నిరసన ఎదురైంది. ఉప్పు కలిసిన బురదమంచు చెప్పులను, దుస్తులను పాడుచేస్తుందని పాదచారులు, స్లెడ్జిదారి చెడిపోతుందని బండ్లవారు ఆక్షేపించారు. 1866లో న్యూయార్కులో జంతుహింస నివారణ సంఘాన్ని స్థాపించిన హెన్రీ బెర్గ్, అతిశీతలమైన ఉప్పునీటిలో నిలబడే గుర్రాల కాళ్లు, గిట్టలు దెబ్బతింటున్నాయని ఉప్పు వాడకాన్ని వ్యతిరేకించాడు. ఉప్పు మీద పర్యావరణ విమర్శ 20వ శతాబ్దంలోనే పుట్టిందన్న అభిప్రాయం సరికాదని దీన్నిబట్టి తెలుస్తుంది. మోటారుకారు రాకముందే ఉప్పు వల్ల లాభపడేవారు, బాధపడేవారు వేరువేరని గుర్తించిన గొంతులు వినిపించాయి.

4. 1888 మంచుతుపాను - పురపాలక బాధ్యత

1888 మార్చి 11 నుంచి 14 వరకు ఈశాన్య రాష్ట్రాలను కమ్మిన మంచుతుపానులో సుమారు 400 మంది మరణించారు. వారిలో సగం మంది న్యూయార్కు నగరంవారే. వీథుల పైన నడిచే రైళ్లు మధ్యదారిలో నిలిచిపోయాయి. టెలిగ్రాఫు, విద్యుత్తు తీగలు తెగిపడ్డాయి. రోజుల తరబడి నగరానికి ఆహారం, బొగ్గు సరిగా అందలేదు.

ఈ విపత్తు తరువాత తీగలను భూమిలోకి దించే పని వేగవంతమైంది. మంచు తాకని భూగర్భ రైలుమార్గం అవసరమన్న వాదానికి బలం చేకూరింది. 1897లో బోస్టనులో, 1904లో న్యూయార్కులో భూగర్భ మార్గాలు ప్రారంభమయ్యాయి. అంతకంటె ముఖ్యమైన మార్పు పాలనాదృష్టిలో వచ్చింది. మంచు పడ్డాక అది కరిగేదాకా వేచి ఉండడం కాక, ముందుగానే మనుషులను, పరికరాలను సిద్ధంగా ఉంచుకోవాలన్న భావన బలపడింది. 1895లో న్యూయార్కు వీథుల పారిశుద్ధ్య శాఖ బాధ్యతలు చేపట్టిన జార్జి వేరింగ్ పారిశుద్ధ్య సిబ్బందికి తెల్లని యూనిఫారాలు ఇచ్చి, ఆ శాఖను క్రమశిక్షణ గల వ్యవస్థగా తీర్చాడు. మంచు ఎత్తడం కూడా పౌరసేవల్లో ఒకటిగా స్థిరపడింది.

5. మోటారుయుగం - తడి ఆరిన నల్లరోడ్డు

1920ల నాటికి మోటారువాహనాలు పెరిగాయి. స్లెడ్జికి అనుకూలమైన గట్టిమంచు కారుచక్రానికి ప్రమాదకరం. మంచురోలర్లు క్రమంగా మూలపడ్డాయి. లారీలకు బిగించిన నాగళ్లు వచ్చాయి. జారుడును తగ్గించడానికి ఇసుక, బొగ్గుబూడిద, కొలిమిచిట్టెం చల్లేవారు. ఇవి చక్రానికి పట్టు ఇస్తాయి గాని గడ్డను కరిగించవు. పైగా తడిసిన ఇసుక కుప్పలే చలికి గడ్డకట్టేవి. వాటిని పొడిగా, విడివిడిగా ఉంచడానికి కొద్దిగా ఉప్పు కలిపేవారు. తోడుగా వచ్చిన ఉప్పే కొద్దికాలానికి ప్రధానద్రవ్యమైంది.

ఉప్పు పనిచేసే తీరు సులభమైనది. శుద్ధజలం 0 డిగ్రీల సెల్సియసు వద్ద గడ్డకడుతుంది. ఉప్పు కరిగిన నీటికి ఆ స్థానం కిందికి దిగుతుంది. 23 శాతం ఉప్పున్న ద్రావణం సుమారు మైనస్ 21 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. అయితే రోడ్డు మీద ఉప్పు చురుకుగా పనిచేసేది మైనస్ 9 డిగ్రీల ప్రాంతం వరకే. అంతకంటె చలి పెరిగితే ఎంత చల్లినా ఫలితం స్వల్పం. అప్పుడు కాల్షియం క్లోరైడు వంటి లవణాలు గాని, ఇసుక గాని ఉపయోగపడతాయి.

న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం 1938లో ప్రయోగాత్మకంగా రోడ్ల మీద ఉప్పు చల్లింది. 1941-42 శీతకాలంలో అమెరికా రహదారులన్నిటి మీద చల్లిన ఉప్పు సుమారు 5,000 టన్నులు. 1970ల తొలినాళ్లకు అది ఏటా దాదాపు కోటి టన్నులకు చేరింది. అంటే మూడు దశాబ్దాల్లో రెండువేల రెట్లు. నేటి వాడకం సుమారు 2 కోట్ల టన్నులు.

ఈ పెరుగుదలకు ఉప్పు చౌకగా దొరకడం ఒక కారణం. డెట్రాయిట్ నగరం కింద 1,100 అడుగులకు పైగా లోతున విస్తారమైన ఉప్పుగనులున్నాయి. రెండో కారణం రెండో ప్రపంచయుద్ధానంతర జీవనవిధానం. నగరశివార్లలో ఇల్లు, నగరంలో ఉద్యోగం, రెంటి మధ్య కారు. 1956 చట్టంతో అంతర్రాష్ట్ర రహదారుల నిర్మాణం ఊపందుకున్నాక, జనవరిలో కూడా జూన్‌లో నడిపినట్లే కారు నడపగలగాలని ప్రజలు ఆశించారు. మంచు ఆగిన కొద్దిగంటల్లో రోడ్డు నల్లగా తేలాలన్నది రహదారి శాఖల లక్ష్యమైంది. ఉప్పు చల్లిన రోడ్ల మీద ప్రమాదాలు బాగా తగ్గాయన్నదీ వాస్తవమే. అంబులెన్సు సకాలంలో ఆసుపత్రికి చేరడం వెనుక ఉప్పు ఉంది. ఆ మేలును గుర్తించకుండా చేసే విమర్శ అసమగ్రం.

6. మంచు - ఎన్నికలు

తడి ఆరిన నల్లరోడ్డు ప్రజల హక్కుగా మారాక, దాన్ని అందించలేని పాలకులు పదవులకే ముప్పు తెచ్చుకున్నారు. 1969 ఫిబ్రవరిలో న్యూయార్కు మీద సుమారు 15 అంగుళాల మంచు పడింది. నగరంలో 42 మంది మరణించారు. 288 మంది గాయపడ్డారు. నగరకేంద్రమైన మన్‌హటన్ తేరుకున్నా, క్వీన్స్ ప్రాంతంలోని వీథులు రోజుల తరబడి మంచులోనే ఉండిపోయాయి. క్వీన్స్‌లో నివసించే నోబెల్ శాంతి బహుమతి గ్రహీత రాల్ఫ్ బంచ్ మేయరుకు తంతి పంపి అసంతృప్తి తెలియజేశాడు. ఆ ఏడాది మేయరు జాన్ లిండ్సే తన పార్టీ ప్రాథమిక ఎన్నికలో ఓడి, మరొక పార్టీ అభ్యర్థిగా నిలబడి గట్టెక్కవలసివచ్చింది.

1979 జనవరిలో షికాగోలో ఇదే కథ మరింత తీవ్రంగా జరిగింది. ముందే పేరుకున్న మంచు మీద సుమారు 20 అంగుళాలు పడింది. స్తంభించిన రవాణాను చక్కదిద్దే క్రమంలో నల్లజాతివారు ఎక్కువగా నివసించే ప్రాంతాల్లోని కొన్ని స్టేషన్లలో రైళ్లను ఆపకుండా నడిపించారు. ఫిబ్రవరిలో జరిగిన ప్రాథమిక ఎన్నికలో మేయరు మైకేల్ బిలాండిక్ ఓడిపోయాడు. ఆయనపై గెలిచిన జేన్ బర్న్ షికాగోకు తొలి మహిళా మేయరైంది. మంచు అందరి మీదా సమానంగానే పడింది. దాన్ని ఏ వీథిలో ముందు ఎత్తాలి, ఏ స్టేషనులో రైలు ఆపాలి అన్న నిర్ణయాల్లోనే అసమానత బయటపడింది. ఓటర్ల ఆగ్రహానికి మూలం ఇదే.

7. ఉప్పు చేరిన చోటు

మంచు కరిగాక ఉప్పు మాయం కాదు. నీటితో కలిసి కాలువల్లోకి, బావుల్లోకి, ఏరుల్లోకి చేరుతుంది. క్లోరైడు మట్టిలో విరిగిపోదు. మామూలు నీటిశుద్ధి పద్ధతులతో తొలగదు. బోస్టను సమీపంలోని బర్లింగ్‌టన్ పట్టణం తన బావులు ఉప్పెక్కుతున్నాయని 1970లోనే రోడ్ల మీద ఉప్పు వాడకాన్ని ఆపింది.

2005లో సుజయ్ కౌశల్, ఆయన సహపరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఈ చర్చలో ముఖ్యమైనది. మేరీలాండ్, న్యూయార్క్, న్యూ హాంప్‌షైర్ ప్రాంతాల్లోని కొన్ని ఏరుల్లో శీతకాలపు క్లోరైడు సాంద్రత సముద్రజలంలో ఉండేదానిలో 25 శాతం దాకా చేరిందని వారు చూపారు. ఉప్పు చల్లని వేసవిలో సైతం ఆ నీటిలో క్లోరైడు అడవి ఏరులకంటె వందరెట్ల దాకా ఎక్కువగా ఉంది. చల్లిన ఉప్పు ఆ శీతకాలంతోనే పోకుండా, భూగర్భజలంలో నిలిచి ఏడాది పొడవునా ఊరుతోందన్నమాట. మంచినీటి జీవుల రక్షణకు అమెరికా పర్యావరణ సంస్థ 1988లో సూచించిన దీర్ఘకాలిక పరిమితి లీటరుకు 230 మిల్లీగ్రాముల క్లోరైడు. సుమారు 20 లీటర్ల నీటిని ఈ పరిమితికి చేర్చడానికి ఒక చెంచాడు ఉప్పు చాలు.

వంతెనల్లోని ఇనుపచువ్వలు తుప్పు పట్టడం, వాహనాల అడుగుభాగాలు తినివేతకు గురికావడం మరొక నష్టం. దీంతో ఉప్పు మోతాదు తగ్గించే మార్గాలు వెదికారు. మంచు పడకముందే రోడ్డుకు ఉప్పునీరు పిచికారీ చేస్తే గడ్డ రోడ్డుకు అంటుకోదు. తక్కువ ఉప్పుతో పని జరుగుతుంది. రోడ్డు ఉపరితలపు ఉష్ణోగ్రతను కొలిచి మోతాదు నిర్ణయించడం, చెక్కెరదుంప రసాన్ని కలపడం వంటివీ వాడుకలోకి వచ్చాయి. జున్ను తయారీకి పేరుపొందిన విస్కాన్సిన్ రాష్ట్రంలో, జున్ను ఊరవేసిన ఉప్పునీటిని కూడా రోడ్ల మీద వాడారు.

8. కాలిబాట - బాధ్యత ఎవరిది?

రోడ్డును ప్రభుత్వం శుభ్రపరుస్తుంది. కాలిబాటను మాత్రం దాని పక్కనున్న ఇంటివారే శుభ్రపరచాలన్నది చాలా అమెరికా నగరాల నియమం. న్యూయార్కులో పగటివేళ మంచు ఆగితే నాలుగు గంటల్లోగా, రాత్రి తొమ్మిది తరువాత ఆగితే మర్నాడు ఉదయం 11 గంటల్లోగా ఎత్తాలి. 2003లో చేసిన మార్పుతో, యజమాని నివసించే చిన్న ఇళ్లు మినహా, కాలిబాట మీద జరిగే గాయాలకు నష్టపరిహార బాధ్యత కూడా నగరం నుంచి ఆస్తి యజమానికి మారింది. మసాచుసెట్స్‌లో సహజంగా పడి ఉన్న మంచుకు యజమాని బాధ్యుడు కాడన్న సూత్రం శతాబ్దానికి పైగా చెల్లింది. 2010లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ భేదాన్ని రద్దుచేసి, మంచు ఎలా పేరుకున్నా సహేతుకమైన జాగ్రత్త తీసుకోవలసిందేనని తీర్పు ఇచ్చింది.

పాదచారికి ఇది న్యాయమే. అయితే దావా భయం వల్ల దుకాణాల యజమానులు, గుత్తేదారులు పార్కింగు స్థలాల్లో అవసరానికి మించి ఉప్పు కుమ్మరించడం మొదలైంది. ఈ సంగతి గమనించిన న్యూ హాంప్‌షైర్ 2013లో ఒక చట్టం చేసింది. శిక్షణ పొంది, ధ్రువపత్రంతో, నిర్ణీత మోతాదులో ఉప్పు వాడే గుత్తేదారులకు ఈ చట్టం దావాల నుంచి కొంత రక్షణ కల్పించింది. 1938లో రోడ్డు ఉప్పు ప్రయోగానికి నాంది పలికిన రాష్ట్రమే, ఉప్పెక్కిన తన ఏరులను కాపాడుకోవడానికి ముప్పావు శతాబ్దం తరువాత ఈ చట్టాన్ని ఆశ్రయించింది.

ఈ సందర్భంలో స్వీడను అనుభవం పోల్చదగినది. అక్కడి కార్ల్‌స్కూగా పట్టణం 2011లో తన పనులను సమీక్షించింది. అప్పటివరకు ముందు ప్రధాన రహదారులు, చివర కాలిబాటలు అన్నది క్రమం. కారులో వెళ్లేవారిలో పురుషులు ఎక్కువ. నడిచి, బస్సెక్కి, పిల్లలను బడికి చేర్చి పనికి వెళ్లేవారిలో స్త్రీలు ఎక్కువ. జారిపడి ఆసుపత్రి పాలవుతున్నదీ ఎక్కువగా పాదచారులే. కొన్ని అంగుళాల మంచులో కారు నడపడం కంటె పిల్లలబండిని తోయడం కష్టమని గుర్తించి, ముందు కాలిబాటలు, బస్సుస్టాపులు, బడుల పరిసరాలు అన్నట్లుగా క్రమాన్ని మార్చారు. ఎత్తే మంచు అంతే. ఎత్తే వరుస మారింది. తరువాత స్టాక్‌హోం ఈ విధానాన్ని స్వీకరించింది. 2016 నవంబరులో పడిన భారీ మంచుకు ఆ నగరం తడబడినప్పుడు విధానం మీదే విమర్శలు వచ్చాయి. పాదచారికి తొలిస్థానం ఇవ్వడం ఎంత వివాదాస్పదమో ఆ విమర్శలు తెలియజేస్తాయి.

9. తెలుగువారు - ‘మంచు’ అనే మాట

తెలుగులో ‘మంచు’ ఒక్కటే మాట అనేక స్థితులకు చెల్లుతుంది. తెల్లవారి గడ్డి మీద నిలిచే బిందువులూ మంచే. దారి కనబడనీయని పొగా మంచే. హిమాలయాల మీద కురిసేదీ, పెట్టెలో గడ్డకట్టేదీ మంచే. అమరకోశం సైతం నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక మొదలైనవాటిని పర్యాయపదాలుగానే చెప్పింది. కావ్యవర్ణనకు ఈ విస్తృతి వరం. భద్రతాసూచనకు మాత్రం చిక్కు. ఎందుకంటే పొగమంచులో దీపాలు వేసుకోవాలి. కురిసిన మంచులో మెల్లగా సాగాలి. గడ్డమంచు మీద బ్రేకు గట్టిగా తొక్కకూడదు. మాట ఒకటే అయినా చేయవలసిన పని వేరు.

ముఖ్యంగా అక్కడివారు ‘బ్లాక్ ఐస్’ అనేదానికి మనకు మాట లేదు. ‘నల్లమంచు’ అని అనువదిస్తే కొత్తవారు నల్లటి మరకల కోసం వెదుకుతారు. నిజానికి దానికి రంగే లేదు. గాజులా పారదర్శకమైన పలుచని పొర. దాని గుండా కింది రోడ్డు నలుపు కనిపిస్తుంది. తడిసిన రోడ్డని భ్రమ కలిగించడమే దాని ప్రమాదం. దీన్ని ‘గాజుమంచు’ అనడం లక్షణానికి దగ్గరగా ఉంటుంది.

మంచుకు అలవాటుపడని ప్రాంతాల్లో ఈ ప్రమాదం ఎక్కువ. తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించే డాలస్ మహానగర ప్రాంతంలో భాగమైన ఫోర్ట్‌వర్త్‌లో 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున, ఎత్తైన రహదారి భాగం మీద గడ్డకట్టిన వాన వల్ల 133 వాహనాలు ఒకదానినొకటి ఢీకొన్నాయి, ఆరుగురు మరణించారు. కిందనుంచి కూడా చల్లగాలి తగలడం వల్ల వంతెనలు నేల మీది రోడ్డుకంటె ముందే గడ్డకడతాయి. ఆ దేశపు రోడ్ల పక్కన వంతెనల దగ్గర కనిపించే హెచ్చరిక బోర్డుల సారం ఇదే. వేగం తగ్గించడం, ముందు వాహనానికి మామూలుకంటె ఎన్నో రెట్లు దూరం పాటించడం, నడిచేటప్పుడు అడుగులు చిన్నవిగా వేస్తూ శరీరభారాన్ని ముందుకాలి మీద ఉంచడం, జేబుల్లో చేతులు పెట్టుకోకపోవడం వంటివి అక్కడివారికి చిన్ననాటి నుంచి అలవడిన జ్ఞానం. ఆగస్టులో దిగి డిసెంబరులో తొలి మంచును చూసే తెలుగు విద్యార్థికి ఎవరో చెప్పాలి. తానా, ఆటా వంటి సంఘాలు ఇలాంటి సూచనలను, స్పష్టమైన పదజాలంతో, తెలుగులో అందించడం ప్రయోజనకరం.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి:

1. మంచుదారి భద్రతకు కాలాతీతమైన నిర్వచనం లేదు. స్లెడ్జియుగంలో గట్టిమంచు, ట్రాముయుగంలో తేలిన పట్టాలు, మోటారుయుగంలో తడి ఆరిన నల్లరోడ్డు భద్రతకు గుర్తులయ్యాయి.

2. ప్రతి దశలోనూ దారిమీద ఆధిపత్యం వహించినవారి సౌకర్యానికైన మూల్యాన్ని పాదచారులు, గుర్రాలు, శివారు వీథులవారు, బావులు, ఏరులు చెల్లించాయి.

3. ఉప్పు ప్రాణాలు కాపాడిన మాట నిజం. దాని వాడకం అపరిమితం కావడానికి చౌకదనం, వేగం మీది మక్కువ, దావా భయం కారణాలు. శిక్షణతో, కొలతతో వాడితే భద్రత తగ్గకుండానే మోతాదు తగ్గించవచ్చు.

4. ఏ దారిని ముందు శుభ్రపరచాలన్న నిర్ణయాన్ని చాలాకాలం సాంకేతిక విషయంగా భావించారు. న్యూయార్క్, షికాగో, కార్ల్‌స్కూగా ఉదంతాలు అది సామాజిక న్యాయానికి సంబంధించిన విషయమని చూపుతాయి.

5. ప్రవాసాంధ్రుల అనుభవం తెలుగుకు కొత్త పదాల అవసరాన్ని కలిగించింది. మంచుకు సంబంధించిన పదజాలాన్ని స్థితిభేదాలను బట్టి స్థిరపరచుకోవడం భాషాసేవే కాక, ప్రాణరక్షణకు కూడా తోడ్పడుతుంది.

ప్రవాసాంధ్ర కథాసాహిత్యంలో మంచు ఇప్పటికే ఒంటరితనానికి, దూరానికి ప్రతీకగా ప్రవేశించింది. తెల్లవారుజామున గుమ్మం ముందు పారతో మంచు ఎత్తే మనిషి శ్రమను, జారే కాలిబాట మీద బిక్కుబిక్కుమంటూ నడిచే వృద్ధ తల్లిదండ్రుల భయాన్ని ఆ సాహిత్యం ఎంతవరకు పట్టుకుందో పరిశీలించవలసి ఉంది. ఈ దిశలో మరిన్ని పరిశోధనలకు అవకాశం కలదు.